'వరల్డ్' అను ఇంగ్లీషు మాటయు, మన ప్రసంగములలోని 'లోకము'ను

మన సంఘములలో ప్రసంగము సిద్ధపరచుకొనే పద్ధతి ఒకటి బాగా పాతుకొని ఉన్నది. తెలుగు బైబిలులో వచనము చదువుతారు. దాని ప్రక్కన కింగ్ జేమ్స్ బైబిలు తెరచి, అందులో ముఖ్యమని తోచిన ఇంగ్లీషు మాటను పట్టుకొంటారు. ఆ మాటకు నిఘంటువులో ఉన్న అర్థములను, పర్యాయపదములను వరుసగా వ్రాసుకొంటారు. ఒక్కొక్క అర్థము ఒక్కొక్క అంశమవుతుంది. మూడో అయిదో అంశములు కుదిరితే ఆదివారమునకు ప్రసంగము సిద్ధమైనట్టే. పూర్వము ఇందుకు లావుపాటి పుస్తకములు కావలసి వచ్చేవి. ఇప్పుడు సెల్‌ఫోనులో మాటమీద వ్రేలు పెడితే పట్టిక దానంతట అదే దిగుతుంది. వినేవారికి ఇది పాండిత్యముగా కనబడుతుంది గనుక అడిగేవారు తక్కువ.

ఈ పద్ధతి ఎక్కడ చెడుతుందో చూపడానికి 'వరల్డ్' అనే ఒక్క మాటను తీసికొంటున్నాను. ఇంగ్లీషు రానివారికి కూడా తెలిసిన మాట ఇది. పైగా తెలుగు ప్రసంగ వేదికమీద గద్దింపుకు అన్నిటికంటె ఎక్కువగా వాడబడే మాట 'లోకము'. "లోకములో కలిసిపోయాడు", "లోకస్థురాలైపోయింది", "లోకమును ఇంటికి తెచ్చుకొన్నారు" అని మనము తరచుగా అంటాము. ఆ గద్దింపుకు ఆధారముగా చూపే అర్థము లేఖనములో నుండి వచ్చినదా, ఇంగ్లీషు పట్టికలో నుండి వచ్చినదా అని అడగడము ఈ వ్యాసము పని. ఒక మనిషిని బల్లకు దూరముగా ఉంచే అధికారము ఆ మాటకు ఇచ్చి ఉన్నాము గనుక ఈ ప్రశ్నను వ్యాకరణ చర్చ అని త్రోసిపుచ్చడానికి వీలులేదు.

ముందు ఇంగ్లీషు మాటనే చూద్దాము. ప్రాచీన ఇంగ్లీషులో 'వెర్' అంటే మనిషి. ఈ మాటలోని రెండవ భాగమునకు వయస్సు, కాలము అని అర్థము. రెండూ కలిస్తే 'మనుష్యుని యుగము'. అంటే కట్టుబడిని బట్టి చూస్తే అది స్థలమును గాక కాలమును చెప్పే మాట. భూమి అని, భూమిమీది జనులు అని, విశ్వము అని, సమాజము అని, ఒక వర్గము అని, లౌకిక వ్యవహారములు అని దాని అర్థములు శతాబ్దములలో పెరిగినవి. పర్యాయపదములు కావాలంటే పీటర్ మార్క్ రోజే 1852లో అచ్చువేసిన థెసారస్ మొదలుకొని ఎన్నో పుస్తకములు ఉన్నవి. ఎర్త్, గ్లోబ్, యూనివర్స్, క్రియేషన్, మ్యాన్‌కైండ్, సొసైటీ, ఏజ్ మొదలైనవన్నీ దొరుకుతాయి. ఆ పుస్తకములమీద నాకు ఫిర్యాదు లేదు. ఇంగ్లీషులో వ్యాసము వ్రాసేవాడు ఒకే మాట పదిసార్లు రాకుండా చూచుకోవడానికి అవి చేసినవి. యోహాను ఏమి చెప్పాడో తెలిసికోవడానికి చేసినవి కావు.

1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలులో, క్రొత్త నిబంధనలోనే, ఈ ఒక్క ఇంగ్లీషు మాట వెనుక నాలుగు గ్రీకు మాటలు దాగి ఉన్నవి. 'కోస్మోస్' అంటే క్రమముగా అమర్చబడినది, దానినుండి విశ్వము, మానవలోకము. 'అయోన్' అంటే యుగము. 'ఒయికూమెనే' అంటే జనులు నివసించే భూభాగము. 'గే' అంటే నేల, భూమి. పాత నిబంధనలో 'తేబేల్', 'ఓలాం', 'హెలెద్' వంటి హెబ్రీ మాటలకు కూడా ఇదే ఇంగ్లీషు మాట వచ్చినది. ఇన్ని మాటలు ఒకే మాటలో పడినప్పుడు, ఆ ఒక్క మాటకు నిఘంటువులో ఉన్న పర్యాయపదములను తిరిగి వచనముమీదికి తెచ్చేవాడు ఏమి చేస్తున్నట్టు? నాలుగు బావుల నీళ్లు ఒక తొట్టిలో కలిపి, ఆ తొట్టి నీటిని రుచి చూచి మొదటి బావి సంగతి చెప్పినట్టు.

గేను, ఒయికూమెనేను త్వరగా దాటవచ్చును. ప్రకటన 13:3లో మృగమును వెంబడించినవారి సంగతి చెప్పేచోట గ్రీకులో ఉన్నది 'గే'. ఇంగ్లీషు అక్కడ వరల్డ్ అన్నది. మన తెలుగు అనువాదకులు 'భూజనులు' అని సరిగానే అన్నారు. లూకా 2:1లో కైసరు ఔగుస్తు ఆజ్ఞ వెళ్లినది ఒయికూమెనేకు, అంటే రోమా ఏలుబడిలోని ప్రాంతమునకు. తెలుగులో 'సర్వలోకము' అని ఉన్నది గనుక క్రిస్మసు ప్రసంగములలో ప్రపంచమంతా జనాభా లెక్క జరిగినదని వింటుంటాము. ఆ కాలములో మన దక్కనును ఏలినవారు శాతవాహనులు, వారి ఊళ్లకు ఔగుస్తు లెక్కగాడెవడూ రాలేదు. సంఘముల ఐక్యతను గూర్చి మాట్లాడేటప్పుడు మనము వాడే 'ఎక్యుమెనికల్' అనే మాట ఈ ఒయికూమెనే నుండి వచ్చినదే.

అయోన్ దగ్గర ఆగవలసి ఉన్నది. మత్తయి 24:3లో శిష్యులు అడిగిన ప్రశ్నను కింగ్ జేమ్స్ అనువాదము 'ఎండ్ ఆఫ్ ది వరల్డ్' అని చెప్పినది. అక్కడనుండి భూగోళము పేలిపోవడము, నక్షత్రములు ఢీకొనడము, అణుబాంబులు అన్నీ వచ్చి పడినవి. గ్రీకులో ఉన్నది యుగము ముగియడము. మత్తయి 13వ అధ్యాయములోని గురుగుల ఉపమానములోను, 28:20లోను అదే మాట. ఈ మూడు చోట్ల మన తెలుగు బైబిలు 'యుగసమాప్తి' అన్నది. ఇంగ్లీషులో 1881 నాటి రివైజ్డ్ వెర్షను ఈ అర్థమును ప్రక్క గమనికలోనికి నెట్టినది. 1946లో వచ్చిన ఆర్.ఎస్.వి. క్రొత్త నిబంధన దానిని మూలపాఠములోనికి తెచ్చినది. మన చేతిలోని పాత తెలుగు బైబిలు ఎప్పటినుండో సరిగా చెప్పుచుండగా, దానిని మూసి, ఇంగ్లీషువారే దిద్దుకొన్న మాటను తెరచి ప్రసంగించడము వింతగా ఉంటుంది.

హెబ్రీ 9:26 చూడండి. క్రీస్తు తన్ను తాను బలిగా అర్పించడానికి ప్రత్యక్షమైన సమయమును గూర్చి ఆ వచనము చెబుతుంది. అక్కడ కూడా కింగ్ జేమ్స్ 'ఎండ్ ఆఫ్ ది వరల్డ్' అనే అంటుంది. ఇంగ్లీషు మాటనే నమ్ముకొన్న ప్రసంగీకుడు ఇక్కడ ఏమి చేయాలి? భూగోళము రెండు వేల సంవత్సరముల క్రిందటే అంతమైనదని చెప్పాలి. గ్రీకులో 'అయోన్' బహువచనము, తెలుగులో 'యుగముల సమాప్తి'. సిలువ దగ్గర పాత యుగములు తమ కొసకు వచ్చినవని హెబ్రీ పత్రికా రచయిత చెబుతున్నాడు. ఈ వచనమును మత్తయి 24తో కలిపి చదివినవాడు అంత్యదినములను గూర్చి భయపెట్టే ముందు కొంచెము ఆలోచిస్తాడు.

ఇంకొకటి. అదే ఇంగ్లీషు బైబిలు ఎఫెసీ 3:21లో 'వరల్డ్ వితవుట్ ఎండ్' అంటుంది. వరల్డ్ అంటే భూగోళమే అయితే, ఒకచోట దానికి అంతమున్నది, మరొకచోట లేదు! కింగ్ జేమ్స్ అనువాదకులను నేను తప్పుపట్టను. వారి కాలమునకు ఆ మాటలోని పాత 'కాలము' అనే అర్థము ఇంకా కొంత బ్రతికి ఉన్నది. నాలుగు వందల ఏండ్ల తరువాత నేటి నిఘంటువులోని అర్థమును వారి నోట పెడుతున్న మనది తప్పు. ప్రసంగి 3:11 కూడా ఇలాంటిదే. దేవుడు మనుష్యుల హృదయములో 'వరల్డ్' పెట్టాడని ఆ బైబిలు అంటుంది. దానిమీద 'మన హృదయములలో లోకము ఎందుకున్నది' అనే ప్రసంగము చెప్పడము ఎంత సులభమో! హెబ్రీలో ఉన్నది 'ఓలాం', తెలుగులో 'శాశ్వతకాల' జ్ఞానము. ఒకటి మరొకదానికి దాదాపు తలక్రిందులు.

ఇక కోస్మోస్. ఇక్కడ వాదము మరింత పదునుగా వస్తుంది, పైగా గ్రీకు పేరుతో వస్తుంది. ఒక ఉజ్జీవ కూటములో నేను విన్నది ఇది: "1 యోహాను 2:15లో లోకమును ప్రేమింపవద్దన్న చోట గ్రీకు మాట కోస్మోస్. స్ట్రాంగ్ సంఖ్య 2889. అదే సంఖ్య 1 పేతురు 3:3లో స్త్రీల అలంకారమునకు కూడా ఉన్నది. కాస్మెటిక్స్ అనే మాట దీనినుండే వచ్చినది. కాబట్టి నగ అంటే లోకము, లోకము అంటే నగ." జనము చప్పట్లు కొట్టారు. ఆ మాటలోని సమాచారము చాలావరకు నిజమే. సంఖ్య సరియైనదే. 1 పేతురు 3:3లో కోస్మోస్ అనే ఉన్నది. కాస్మెటిక్స్ అనే మాట ఆ కుటుంబపు మాటే. 'కాబట్టి' అన్నచోటనే వాదము కూలిపోతున్నది.

స్ట్రాంగ్ కన్‌కార్డెన్సు 1890లో వచ్చినది. దానిలో ప్రతి గ్రీకు మాట చివర ఒక గీత తరువాత కొన్ని ఇంగ్లీషు మాటలు ఉంటాయి. కోస్మోస్‌కు 'అడార్నింగ్, వరల్డ్' అని ఉంటుంది. మన విద్యార్థులలో చాలామంది ఆ గీత తరువాత ఉన్నవి గ్రీకు మాట అర్థములు అనుకొంటారు. అవి కింగ్ జేమ్స్ అనువాదకులు ఆ గ్రీకు మాటను వేర్వేరు చోట్ల ఏ ఏ ఇంగ్లీషు మాటలతో చెప్పారో తెలిపే జాబితా మాత్రమే. 'అక్కడ ఇది, ఇక్కడ అది' అని చెప్పే జాబితాను 'ఇదే అది' అని చదవడము ఆ పుస్తకమునకు అన్యాయము. వైన్ 1940లో కూర్చిన నిఘంటువు ఈ విషయములో మేలు, ఎందుకంటే ఇంగ్లీషు మాట క్రింద గ్రీకు మాటలను విడివిడిగా పెట్టి, ఒక్కొక్క దాని వాడుకలను వేరుచేసి చూపుతుంది. అయితే వేరుచేసినవాటిని మళ్లీ కలిపి చదివేవారిని ఏ నిఘంటువూ ఆపలేదు.

జేమ్స్ బార్ అనే పండితుడు 1961లో ది సెమాంటిక్స్ ఆఫ్ బిబ్లికల్ లాంగ్వేజ్ అనే గ్రంథములో ఈ తప్పుకు ఒక పేరు పెట్టాడు. దానిని మన మాటలలో చెప్పాలంటే, ఒక పదమునకు వేర్వేరు సందర్భములలో ఉన్న అర్థములన్నిటిని మూటకట్టి ఒక్క వచనముమీద దించడము. మనము మాట్లాడే తెలుగులో ఈ పని చేస్తే పిల్లలు కూడా నవ్వుతారు. 'తల' అంటే శిరస్సు, 'తలకు రెండు రూపాయలు' అంటే మనిషికి, 'చెరువు తల' అంటే ఒక చివర. ఈ మూడు కలిపి "మనిషికి చెరువున్నది" అని ఎవరైనా చెబుతారా? గ్రీకు అనేసరికి మాత్రము ఆమేన్ అంటాము.

ఈ కోస్మోస్ వాదమును చివరిదాకా నడిపిస్తే ఎక్కడికి పోతుందో చూడాలి. 1 తిమోతి 2:9లో స్త్రీలు తమ్మును తాము అలంకరించుకొనవలెనని పౌలు చెప్పినప్పుడు వాడిన క్రియ ఈ కుటుంబములోనిదే. అదే వచనములో 'తగుమాత్రపు' వస్త్రములు అన్నచోట ఉన్న విశేషణము 'కోస్మియోస్'. మరుసటి అధ్యాయములో, 3:2లో, అధ్యక్షునికి ఉండవలసిన లక్షణములలో అదే విశేషణము ఉన్నది. తెలుగులో 'మర్యాదస్థుడు' అని చదువుతాము. ఆ కూటములోని లెక్క ప్రకారమైతే అధ్యక్షుడు లోకస్థుడై ఉండవలెనని పౌలు ఆజ్ఞాపించాడు! ప్రకటన 21:2లో పరిశుద్ధ పట్టణము భర్తకొరకు అలంకరింపబడిన పెండ్లికుమార్తెవలె దిగివచ్చినప్పుడు కూడా అదే క్రియ. క్రొత్త యెరూషలేము లోకస్థురాలా? హెబ్రీ 9:1లో ప్రత్యక్షగుడారమునకు వాడిన విశేషణము 'కోస్మికోస్', కింగ్ జేమ్స్‌లో 'వరల్డ్లీ'. మోషే కొండమీద చూచిన మాదిరి చొప్పున చేసిన గుడారము కూడా ఆ లెక్కకు చిక్కుకొంటుంది.

1 పేతురు 3:3 విషయములో ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఆ వచనములో జడలు, బంగారు నగలతోపాటు వస్త్రములు ధరించుకొనుట కూడా ఉన్నది. మొదటి రెండిటిని నిషేధముగా చదివి మూడవదానిని వదిలివేయడానికి ఆ వాక్యములో చోటు లేదు. నగలు పెట్టుకొనకూడదని మనస్సాక్షిని బట్టి నిశ్చయించుకొన్న సహోదరీలు మన సంఘములలో ఉన్నారు. వారిలో అనేకుల సాధుత్వము ఎదుట నేను తలవంచుతాను. పేతురు చెప్పిన అంతరంగ స్వభావము వారిలో చూచాను. వారి ఆచరణకు 1 పేతురు 3:4 చాలును. యోహాను మాటను దానికి ఈడ్చుకొని రానవసరము లేదు.

ఇంతవరకు ఇంగ్లీషు మాటను గూర్చి చెప్పాను. మన తెలుగు మాటకు కూడా సొంత చరిత్ర ఉన్నది, ఇక్కడ అనువాదమును కొంత విమర్శించక తప్పదు. లోకము సంస్కృతమునుండి వచ్చి తెలుగులో స్థిరపడిన మాట. మన నోట దానికి కనీసము రెండు ప్రబలమైన అర్థములున్నవి. ఒకటి, జనము. 'లోకులు కాకులు' అంటాము, 'లోకము ఏమనుకొంటుందో' అంటాము. రెండవది, పైన క్రింద ఉన్న స్థలములు. పదునాలుగు లోకములు, ఇహలోకము, పరలోకము. జనము అనే అర్థము యోహాను సువార్తకు ఎంతో చక్కగా ఒదిగినది. యోహాను 12:19లో పరిసయ్యులు లోకమంతా ఆయన వెంట పోయినదని నిట్టూర్చినప్పుడు, మన పల్లెలో ఏ ముసలమ్మనైనా అర్థమేమిటని అడగండి, తడుముకోకుండా చెబుతుంది. ఆ చోటికి ఏ నిఘంటువూ అక్కరలేదు.

రెండవ అర్థముతో చిక్కు వచ్చినది. యూదుల తలంపులో ఉన్నవి రెండు యుగములు: ఈ యుగము, రాబోవు యుగము. మత్తయి 12:32లో, హెబ్రీ 6:5లో మన అనువాదకులు 'యుగము' అనే ఉంచారు. 2 కొరింథీ 4:4లో కూడా అంతే. గలతీ 1:4లో 'దుష్టకాలము' అని ఇంకా స్పష్టముగా చెప్పారు. ఇవి మెచ్చుకొనదగిన చోట్లు. అయితే 2 తిమోతి 4:10లో దేమా ప్రేమించినది అయోన్‌నే. అక్కడ వారు 'ఇహలోకము' అన్నారు. లూకా 16:8లో 'లోక సంబంధులు' అన్నారు. యుగము స్థలమైపోయినది. కాలములో రెండు యుగముల మధ్య జరుగుతున్న పోరాటము, మన చెవికి క్రింది అంతస్తు, పై అంతస్తుగా వినబడుతున్నది. రక్షణ అంటే ఇక్కడనుండి అక్కడికి పోవడము మాత్రమే అనే భావము మన పాటలలో, ప్రార్థనలలో బలపడడానికి ఇదొక కారణమని నా అభిప్రాయము. పౌలు ఫిర్యాదు వేరు: దేమా రాబోవు యుగమును రుచి చూచి కూడా గతించిపోయే యుగముతో లెక్క సరిచూచుకొన్నాడు. చెరసాలలో ఉన్న ముసలివాని ప్రక్కన నిలబడడము ఈ యుగపు లెక్కలో నష్టము. దేమా థెస్సలొనీకకు వెళ్లాడని తప్ప అక్కడ ఏమి చేశాడో లేఖనము చెప్పలేదు. మన ప్రసంగీకులు అతనిని సినిమాకు కూడా పంపించారు.

రోమా 12:2లో ఉన్నది కూడా అయోన్. తెలుగులో 'లోక మర్యాద'. ఆ కాలములో 'మర్యాద' మంచి ఎంపిక. హద్దు, కట్టుబాటు, ఆచారము అని దాని పాత అర్థము. నేడు యువజనుల కూటములో అడిగి చూడండి, మర్యాద అంటే గౌరవముగా మాట్లాడడము అంటారు. అంటే ఈ వచనము నేటి పిల్లవానికి పెద్దలను గౌరవించవద్దన్నట్టు వినబడే ప్రమాదమున్నది. నాకు తోచినంతవరకు 'ఈ కాలపు అచ్చులో పడకుడి' అనే భావము మూలమునకు దగ్గర. అప్పుడు ఆ వచనము నగలమీద గాక, ఈ కాలములో అందరూ ప్రశ్నించకుండా అంగీకరించే వాటిమీద పడుతుంది. వాటిలో ఏవి మన సంఘములోనికి వచ్చి కూర్చున్నవో అడగవలసి వస్తుంది.

ఇప్పుడు యోహాను. కోస్మోస్ అనే మాట అతని సువార్తలో 78 సార్లు, మొదటి పత్రికలో 23 సార్లు ఉన్నది. క్రొత్త నిబంధనలోని వాడుకలలో సగమునకు పైగా యోహాను పేర ఉన్న గ్రంథములలోనివే. కాబట్టి యోహాను మాటకు యోహానునే అడగాలి. సువార్త 1:10లో ఆ మాట మూడుసార్లు వస్తుంది. మొదటిసారి ఆయన నివసించిన చోటు, రెండవసారి ఆయన చేసిన సృష్టి, మూడవసారి ఆయనను ఎరుగక పోయిన మనుష్యులు. ఒక్క వచనములో ఒక్క మాట మూడు అడుగులు వేసినది! 3:16లో దేవుడు ప్రేమించినది ఆ మూడవ లోకమునే, ఎరుగక పోయిన మనుష్యులనే. ఇక పత్రికకు వచ్చేసరికి, ఏ లోకమును దేవుడు ప్రేమించాడో దానిని మీరు ప్రేమింపవద్దని అదే కలము వ్రాసినది. విద్యార్థులు ఈ ప్రశ్న తప్పక అడుగుతారు, అడగాలి కూడా.

జవాబు ప్రక్క వచనములోనే ఉన్నది. లోకములో ఉన్నవాటిని ప్రేమింపవద్దన్న తరువాత, 2:16లో ఆ ఉన్నవి ఏమిటో యోహాను తానే లెక్కపెట్టాడు: శరీరాశ, నేత్రాశ, జీవపుడంబము. ఈ మూడిటిలో వస్తువు ఒక్కటీ లేదు. పూవు లేదు, గాజు లేదు, రేడియో లేదు, సెల్‌ఫోను లేదు. ఉన్నవి రెండు ఆశలు, ఒక డంబము. మనమైతే ఆ వరుసను తీసివేసి మన వస్తువుల పట్టికను పెట్టుకొన్నాము. పట్టికకు ఒక సౌకర్యమున్నది. దానితో ఎదుటివారిని తనిఖీ చేయవచ్చును. నేత్రాశను ఎదుటివాని ముఖముమీద తనిఖీ చేయడము కుదరదు.

మూడవది, జీవపుడంబము, అన్నిటికంటె తక్కువగా ప్రసంగింపబడినది. అక్కడ 'జీవము' అని తెలుగు చేసిన గ్రీకు మాట 'బియోస్'. నిత్యజీవమునకు వాడే 'జోయే' కాదు. బియోస్ అంటే బ్రతుకుతెరువు, ఆస్తి. ఎక్కువ దూరము పోనక్కరలేదు, అదే పత్రికలో 3:17కు రండి. అక్కడ బియోస్, కోస్మోస్ రెండూ ప్రక్కప్రక్కన ఉన్నవి: లోకపు జీవనోపాధి కలిగి, సహోదరుని లేమి చూచి, అతనియెడల హృదయము మూసికొనేవాడు. ఇక్కడ లోకపు జీవనోపాధి కలిగి ఉండడము పాపమని యోహాను అనలేదు. అది చేతిలో ఉండగా హృదయము మూసికొనడమును పాపమన్నాడు. 2:15ను ప్రసంగించి 3:17ను ప్రసంగించనివాడు యోహాను మాటకు సగమే అర్థము చెప్పాడు. నా దృష్టిలో ఈ వ్యాసమంతటికి కీలకమైన వచనము ఇదే. యోహాను లెక్కలో ఒకడు లోకమును ప్రేమిస్తున్నాడో లేదో పరీక్షించే చోటు లేమిలో ఉన్న సహోదరుని గుమ్మము. అద్దము ముందు ఆ పరీక్ష జరగదు.

ఇదంతా ఎందుకింత పట్టుదలతో వ్రాస్తున్నానో పాఠకులకు తెలియాలి. కొన్ని సంవత్సరముల క్రిందట అతిథి ప్రసంగీకునిగా ఒక సంఘమునకు వెళ్లాను. ఊరి పేరు, సంఘము పేరు ఇక్కడ అనవసరము. ప్రభురాత్రి భోజన సమయములో నర్సింగు చదువుతున్న ఒక అమ్మాయి ముందుకు వస్తే, చెవికి చిన్న దుద్దులున్నవని పెద్దలలో ఒకరు ఆమెను వెనుకకు పంపారు. "లోకమును తీసి రా, తల్లీ" అన్నారు. ఆ పిల్ల తిరిగి రాలేదు. ఆ ఉదయమే ఒక వివాహ ప్రకటన చదివారు. కట్నము ఎంతకు కుదిరినదో సంఘములో అందరికీ తెలుసు. భోజనముల దగ్గర బాహాటముగానే మాట్లాడుకొన్నారు. కట్నము 1961 నుండి ఈ దేశములో చట్టవిరుద్ధము. కట్నమిచ్చిన తండ్రి అప్పుచేశాడు. తీసికొన్న తండ్రి ఆ ఆదివారము బల్ల దగ్గర ముందు వరుసలో నిలబడ్డాడు. ఆయనను ఎవరూ వెనుకకు పంపలేదు. 'జీవపుడంబము' అన్నచోట బియోస్ ఉన్నదని ఆ పెద్దలకు ఎవరైనా చెప్పి ఉంటే ఆ దుద్దుల పిల్ల బల్లకు వచ్చేదేమో, ఆ తండ్రి ఆలోచించేవాడేమో.

కులము సంగతి కూడా అంతే. సంబంధము చూచేటప్పుడు మొదట అడిగే ప్రశ్న ఏమిటో మనకు తెలుసు. అది ఈ కాలపు అచ్చు కాకపోతే మరేది? రోమా 12:2 దానికి తగలకపోతే ఇంక దేనికి తగులుతుంది? తెల్లబట్టలతో వచ్చినది గనుక దానిని లోకమని మనము గుర్తుపట్టలేదు.

ఒక ఆక్షేపణ వస్తుంది. "అయ్యా, ఇంత సూక్ష్మముగా చెబితే విశ్వాసులు గాలికి తిరుగుతారు. లోకమంటే ఇదీ అని చేతికి చూపించకపోతే సామాన్యులకు ఎలా తెలుస్తుంది?" ఈ ఆక్షేపణలో కాపరి గుండె ఉన్నది, దానిని తేలికగా తీసివేయను. త్రాగుడుకు ఇల్లు గుల్లయిన చోట, పండుగ పేరుతో అప్పులపాలైన చోట, 'ఇది మానుకో' అని వేలుపెట్టి చూపడము అవసరమే. అయితే త్రాగుడును త్రాగుడు అనే చెప్పవచ్చును. గలతీ 5లో పౌలు పేర్లు పెట్టి చెప్పాడు. అతని పట్టికలో మత్తతలతోపాటు కలహములు, మత్సరములు, భేదములు కూడా ఉన్నవని చూపవచ్చును. పేరున్న పాపమునకు పేరు పెట్టక 'లోకము' అనే మూటలో వేస్తే రెండు నష్టములు: మూటలో పాపము కానివి కూడా చేరుతాయి, అసలైనవి అడుగున పడిపోతాయి.

ఇంకొక నష్టము మన పొరుగువారిని గూర్చినది. 'లోకస్థులు' అని మనము ఎవరిని అంటున్నాము? క్రైస్తవేతరులను. చేనికి నీళ్లు పెట్టుకొనేచోట మన ప్రక్కన ఉన్నవారిని, మన పిల్లలకు పాఠములు చెప్పిన పంతులుగారిని, రాత్రివేళ మన తల్లిని ఆటోలో ఆసుపత్రికి చేర్చినవారిని. సంఘములో ఆ మాట పలికే స్వరములో ఒక ఏవగింపు ఉంటుంది. యోహాను 3:16లో దేవుడు ప్రేమించిన లోకమును చూపడానికి మనిషిని ఎక్కడికైనా పంపవలసి వస్తే ఆ ఇళ్లకే పంపాలి. 17వ అధ్యాయములో ప్రభువు తన వారిని లోకములోనుండి తీసికొనిపొమ్మని తాను అడగడములేదని స్పష్టముగా ప్రార్థించి, వెంటనే వారిని ఆ లోకములోనికే పంపాడు.

కొరింథులో కూడా ఈ గందరగోళము వచ్చినది. జారులతో సాంగత్యము చేయవద్దని పౌలు ముందు ఒక పత్రికలో వ్రాస్తే, వారు దానిని బయటివారికి అన్వయించుకొన్నారు. 1 కొరింథీ 5:10లో ఆయన దిద్దుతున్నాడు: అలాగైతే మీరు కోస్మోస్‌లోనుండే వెళ్లిపోవలసి వస్తుంది గదా! తన మాట బయటివారిని గూర్చినది కాదని 11వ వచనములో విడమరచాడు. సహోదరుడనబడి జారుడై, లోభియై, త్రాగుబోతై, దోచుకొనువాడై ఉంటే, అట్టివానితో భోజనము కూడా చేయవద్దన్నాడు. ఆ వరుసలో లోభి, దోచుకొనువాడు కూడా ఉన్నారు. మన బల్ల దగ్గర ఎవరిని నిలిపి ఎవరిని పంపాలో తేల్చుకొనేటప్పుడు చదవవలసిన వచనము ఇది. నేను చూచినంతవరకు సంఘ కమిటీ కూటములలో దీనిని అరుదుగా చదువుతారు.